ఆగ్నేయం మూల

ఇల్లు అప్పగించడానికి ఇంకా ఎనిమిది రోజులు ఉందనగా పెమ్మాడి నూకరత్నం కొడుకునీ కోడల్నీ వెంటబెట్టుకుని వచ్చి, తమ కొత్త ఇంటిని గదిగదికీ తిరిగి చూసింది.

గౌతమీ పాయ మధ్యలో ఉన్న పొన్నమానులంకలో, వరదను తట్టుకునేలా కట్టిన మొదటి ఇల్లది. పైకి మామూలు ఇల్లే. ముందు వసారా, రెండు గదులు, వెనక వంటిల్లు, గోడలకు లేత ఆకుపచ్చ రంగు. ఆ రంగు కోడలు దైవకుమారి కోరి వేయించుకున్నది. వింతగా కనిపించేవి నాలుగు మూలల్లోని ఇనప స్తంభాలు మాత్రమే. అవి కప్పును దాటి ఇంకా రెండు నిలువుల ఎత్తుకు పోయాయి. వరద వస్తే ఇల్లు ఆ స్తంభాల వెంబడి పైకి లేస్తుంది. నీరు తీశాక నెమ్మదిగా దిగి మళ్ళీ నేల మీద కూర్చుంటుంది.

లేపేది యంత్రం కాదు. ఇంటి అడుగున నడుమెత్తు దిమ్మ ఒకటి ఉంది. ఒండ్రుమట్టి, ఊకబూడిద, సాగే జిగురు కలిపి పోసిన దిమ్మ. దాని లోపల తేనెపట్టులో ఉన్నట్టు లెక్కలేనన్ని అరలు. ఆ అరల్లో కంటికి కనిపించని జీవాలు నిద్రపోతూ ఉంటాయి. నది నీరు తగిలితే మేలుకుంటాయి. మేలుకుని వాయువు వదులుతాయి. ఆ వాయువుతో అరలన్నీ ఉబ్బి, దిమ్మ తెప్పలా తేలుతుంది. కాకినాడలోని ఒక చిన్న ప్రయోగశాలలో బండారు విశాలాక్షి పదకొండేళ్ళుగా పెంచుతూ వచ్చిన జీవాలవి. అక్కడ అందరూ వాటిని ‘తోడు’ అంటారు.

ఆ వేళ విశాలాక్షి కూడా వచ్చింది. ఆమె పక్కన ఇంజనీరు ప్రభుదాసు అట్టకు బిగించిన జాబితాతో నిలబడ్డాడు. అప్పగించేలోగా సరిచూడవలసినవన్నీ అందులో ఉన్నాయి. కుళాయిలు, కిటికీ రెక్కలు, స్విచ్చులు, మెట్ల ఎత్తు. మనిషి ముప్ఫై దాటనివాడు, ప్రతి గడికీ టిక్కు పెట్టేటప్పుడు నాలిక కొంచెం బయటికి పెట్టేవాడు.

“ఈ గడియ పట్టేస్తోందండి,” అంది దైవకుమారి.

ప్రభుదాసు రాసుకున్నాడు.

“వసారా కమ్మీకి పడవ కట్టుకోవచ్చాండీ?” అడిగాడు కొడుకు గంగరాజు. అతను రేవులో పడవ నడుపుతాడు.

“కమ్మీకి వద్దు. పడవ కోసం విడిగా రింగు పెట్టిస్తాను,” అని అదీ రాసుకున్నాడు.

విశాలాక్షి వారిని వసారా చివరికి తీసుకెళ్ళి, నేలలో బిగించిన ఇత్తడి మూత తిప్పి తీసింది. “పదిహేను రోజులకొకసారి ఒక బకెట్టు కుడితి ఇందులో పొయ్యాలి. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, పిడికెడు తవుడు. ఉప్పు మాత్రం తగలకూడదు.”

గంగరాజు నవ్వేశాడు. “ఇల్లు కుడితి తాగుద్దాండీ?”

“ఇల్లు కాదు. లోపలున్న తోడు తాగుతుంది. పాలలో వేస్తాం చూడండి, అలాంటిదే. దానికి మేత అందకపోతే చచ్చిపోతుంది. అది చచ్చిపోతే ఇల్లు లేవదు.”

“గేదెని మేపినట్టు మేపాలన్నమాట,” అంది నూకరత్నం. “పాలివ్వదు, లేచి నిలబడుద్ది. అంతేగా?”

“అంతే,” అంది విశాలాక్షి నవ్వుతూ. ఉపన్యాసాల్లో తాను అరగంట చెప్పే సంగతి ఈమె ఒక్క ముక్కలో చెప్పేసింది.

నూకరత్నానికి అరవై దాటాయి. నలభై ఏళ్ళుగా ఎండుచేపలు అమ్ముతోంది. రెండేళ్ళ క్రితం ఒడ్డు కోసుకుపోయి ఆమె ఇల్లు నదిలో కలిసినప్పటినుంచి ముగ్గురూ ఏటిగట్టు మీద తాటాకు పాకలో ఉంటున్నారు. లంకలో ఇంకా ముప్ఫై తొమ్మిది కుటుంబాలు వాళ్ళ ఇంటివైపే చూస్తున్నాయి. ఈ ఏడు వరదకు ఇల్లు లేచిందా, అందరికీ ఇలాంటివే కడతారు. లేవలేదా, అందరినీ ఏటికి దూరంగా, మెరకలో వేసిన కాలనీకి పంపేస్తారు. అక్కడ పడవకీ వలకీ పనిలేదు.

చివరగా వంటింట్లోకి వెళ్ళారు. దైవకుమారి గట్టు మీద చెయ్యి రాసి మురిసిపోతోంది. నూకరత్నం మాత్రం గుమ్మంలోనే ఆగి, ముక్కు ఎగబీల్చింది. తర్వాత ఆగ్నేయం మూలకు వెళ్ళి, పొయ్యి పెట్టే గట్టు కింద వంగింది.

“ఇక్కడేదో మురిగిందమ్మా,” అంది.

ప్రభుదాసు జేబులోంచి చిన్న పెట్టెలాంటి పరికరం తీసి ఆ మూలలో పెట్టాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది. “ఏమీ లేదండి. సున్నా చూపిస్తోంది.”

“నీ పెట్టె సంగతి నాకు తెలీదు బాబూ. మురిగిన వాసనొస్తోంది. కొంచెమే. ఉప్పు తక్కువై లోపల చెడ్డ సేపకి వస్తదే, అలాంటిది.” నూకరత్నం విశాలాక్షి వైపు తిరిగింది. “నువ్వు సూడమ్మా.”

విశాలాక్షి మోకాళ్ళ మీద కూర్చుని మూలకు ముఖం పెట్టి గట్టిగా గాలి పీల్చింది. మూడేళ్ళ అలవాటుతో ఆమె ముఖం తనంతట తానే ఆలోచిస్తున్నట్టు మారింది.

“కొత్త సున్నం వాసన అయ్యుంటుంది,” అంది.

నూకరత్నం బయటికి వచ్చేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి ఆ మూలను చూసింది.

*

కాకినాడలో విశాలాక్షి ఇల్లు చేరేసరికి ఆమె భర్త శేషగిరి వంట పూర్తి చేశాడు. ఆయన హైస్కూల్లో లెక్కల మాస్టారు. కంచాలు పెడుతూ రోజూలాగే చెప్పడం మొదలుపెట్టాడు.

“చారులో ఇంగువ ఎక్కువైంది, వీధి చివరిదాకా కొడుతోంది. వంకాయ కూరకి కొత్తిమీర కారం. మామిడల్లం వేశాను, మొదటి ముద్దకే తెలుస్తుంది.”

విశాలాక్షికి ఏ వాసనా తెలియదు. మూడేళ్ళ క్రితం ఒక ఉదయం లేచి కాఫీ కప్పు చేతిలోకి తీసుకున్నప్పుడు, అందులో ఉన్నది వేడినీళ్ళలా అనిపించింది. ఆ తర్వాత వాసన తిరిగి రాలేదు. డాక్టరు ఇక రాదన్నాడు. మొదటి ఎనిమిదేళ్ళూ తోడును మూతలేని తొట్లలో పెంచింది. బయటి బురదలోని సూక్ష్మజీవులు అందులో చేరితే తోడు చెడి, విషవాయువు వదిలేది. ఏ తొట్టి బాగుందో, ఏది చెడిందో తెలుసుకోవడానికి ఆమె రోజూ ఒక్కో తొట్టి మీదా వంగి వాసన చూసేది. ఆ వాయువే కొంచెం కొంచెంగా ఆమె ముక్కును తినేసింది. ఈ సంగతి ప్రయోగశాలలో ఎవరికీ చెప్పలేదు. శేషగిరికి ఒక్కడికే తెలుసు.

“ఇవాళ ఆవిడ నన్ను వాసన చూడమంది,” అంది విశాలాక్షి, కంచం వైపు చూస్తూ. “చూసినట్టు నటించాను.”

శేషగిరి గరిటె పక్కన పెట్టాడు. “ఏం చెప్పావు?”

“సున్నం అన్నాను.”

“సున్నమేనా?”

“ఏమో. పరికరం సున్నా చూపించింది. కానీ అది మంచి తోడు వదిలే వాయువును మాత్రమే గుర్తుపడుతుంది. తోడు చెడితే వచ్చేదాన్ని పట్టుకోలేదు. నీరు తప్ప బురద దూరని పొరలు రెండు వేసి దిమ్మని మూశాం కదా, ఇక చెడే ప్రశ్నే లేదనుకున్నాం.” ఆమె ఒక్క క్షణం ఆగింది. “అనుకున్నాను.”

“మరి ఆవిడకి చెప్పు.”

“చెబితే ఏమవుతుందో తెలుసా? తోడును పెంచిన మనిషికే ముక్కు పోతే, అదే తోడున్న ఇంట్లో మనుషుల్నెలా ఉంచుతారని అడుగుతారు. పని ఆగిపోతుంది. నలభై కుటుంబాలు కాలనీకి పోతాయి.”

“ఆ ప్రశ్న వాళ్ళు అడగవలసిందే కదా విశాలా,” అన్నాడు శేషగిరి మెల్లగా. “నీ దగ్గర జవాబు ఉంటే చెబుతావు. లేకపోతే నువ్వు కూడా తెలుసుకోవాలి.”

ఆమె అన్నం కలుపుకుంది. “మామిడల్లం నాలికకి తెలుస్తోంది. చురుక్కుమంది,” అంది. ఆయన నవ్వి ఇంకొంచెం వేశాడు.

*

మర్నాడు పొద్దున్నే ఆమె ఒంటరిగా లంకకు వెళ్ళింది. ఆగ్నేయం మూలలో గట్టు కింద రబ్బరు సంచి మూతి పెట్టి గాలి నింపి, మూతి బిగించి, మధ్యాహ్నానికల్లా ప్రయోగశాలకు తెచ్చింది. గాలిలో ఏమేం కలిసి ఉన్నాయో విడదీసి చూపే పెద్ద యంత్రానికి సంచిని తగిలించింది. తెర మీద గీత తిన్నగా సాగింది. ఒకచోట చిన్న గుట్టలా లేచి, మళ్ళీ చదునైంది.

గుట్ట చాలా చిన్నది. కానీ దాన్ని ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఆ వాయువును మొదట కనిపెట్టి పేరు పెట్టింది తనే.

ప్రభుదాసు ఆమె భుజం మీదుగా చూశాడు. “అంటే ఆవిడ చెప్పింది నిజమే. నా పెట్టె పట్టుకోలేదు. మీరు కూడా వాసన చూశారు కదా మేడమ్?”

“నాకు వాసన తెలియదు ప్రభూ. మూడేళ్ళయింది.”

అతనికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాడు. ఆమె అంతా చెప్పింది. “నాకు చెప్పి ఉండాల్సింది మేడమ్,” అన్నాడు చివరికి. కోపంగా కాదు. అందుకే ఆమెకు మరీ కష్టంగా తోచింది.

ఈ ఇళ్ళు కట్టిస్తున్న సంస్థ డైరెక్టరు రాజ్యలక్ష్మికి ఫోను చేసినప్పుడు మాత్రం కోపమే ఎదురైంది. ఆహ్వానాలు వెళ్ళిపోయాయి. పందిరి వేసేవాళ్ళతో మాట్లాడేశారు. రాజ్యలక్ష్మి అయిదు నిమిషాలు ఊపిరి తిప్పుకోకుండా మాట్లాడింది. ఆ తర్వాత చల్లబడింది.

“ఆ ఇంట్లో ఉండబోయేది వాళ్ళు. ముందు వెళ్ళి వాళ్ళకి చెప్పండి. ఇల్లు కావాలో వద్దో వాళ్ళనే తేల్చనివ్వండి. తేదీ సంగతి నేను చూసుకుంటాను.”

*

ఏటిగట్టు మీద పాక ముందు నూకరత్నం తాటాకు చాప మీద చేపలు తిరగేస్తోంది. విశాలాక్షి ఆమెకు ఎదురుగా నేల మీదే కూర్చుంది. గంగరాజు, దైవకుమారి గుమ్మంలో నిలబడ్డారు. ఆమె ఏదీ దాచలేదు. తొట్ల సంగతి, తన ముక్కు సంగతి, ఆగ్నేయం మూలలో దొరికిన వాయువు సంగతి, నిన్న తాను ఆడిన అబద్ధం సంగతి.

గంగరాజు గొంతు లేచింది. “అంటే మమ్మల్నెట్టి పరీచ్చ సేత్తున్నారాండీ? రేపు మాకు పుట్టబోయే పిల్లలికేదన్నా అయితేనో?”

“అడగవలసిన మాటే అడిగారు,” అంది విశాలాక్షి. “నేను ఎనిమిదేళ్ళు తొట్ల మీద ముఖం పెట్టాను, అందుకే ఇలా అయింది. ఇంట్లో అంత రాదు. కానీ కొంచెం కొంచెంగా ఏళ్ళ తరబడి వస్తే ఏమీ కాదని నేను ప్రమాణం చెయ్యలేను. ఆ మూల పగలగొట్టి, ఎందుకు చెడిందో చూస్తాను. బాగుపడిందని రుజువు కాకుండా ఇల్లు అప్పగించను. అప్పుడు కూడా మీరు వద్దంటే వద్దే.”

“బాగుపడిందని ఎలా తెలుస్తదండి?” అడిగింది దైవకుమారి.

“ప్రయోగశాలలో యంత్రం చెబుతుంది. రోజూ గాలి పట్టుకెళ్ళి చూస్తాం.”

“రోజూ ఎన్నేళ్ళు పట్టుకెళ్తారండి?”

విశాలాక్షి వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టబోయి మానేసింది.

నూకరత్నం చాప మీదనుంచి రెండు చేపలు తీసి విశాలాక్షి రెండు చేతుల్లో పెట్టింది. “ఏది మంచిదో సెప్పు.”

విశాలాక్షి రెండింటినీ ముక్కు దగ్గర పెట్టుకుంది. తిప్పి చూసింది. రెండూ ఒకేలా వెండిలా మెరుస్తున్నాయి. తల అడ్డంగా ఊపింది.

“కుడిచేతిలోది చెడింది. ఇంత దూరంనించి నాకు తెలుస్తోంది.” నూకరత్నం ఆ చేపను తీసి ఏట్లోకి విసిరేసింది. తర్వాత విశాలాక్షి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. “పప్పు తిరగమోత కూడా తెలీదామ్మా?”

“తెలీదు.”

“వాన పడినప్పుడు?”

“ఊఁహూఁ.”

“అయ్యో తల్లీ,” అంది నూకరత్నం. కాసేపు ఆ చెయ్యి అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత కొడుకు వైపు తిరిగి గదమాయించింది. “అరిసింది సాల్లేరా. అబద్ధమాడినామె తనంతట తనే వచ్చి సెప్పింది. గునపం ఎక్కడుందో సూడు. ఆ మూలేంటో మనమూ సూద్దాం.”

*

గట్టు తీసేశారు. నేల పలకలు ఊడదీశారు. ప్రభుదాసు చిన్న రంపంతో దిమ్మ పైపొరను కోస్తుంటే గంగరాజు ముక్కలు బయటికి మోశాడు. ముందు మాట్లాడకుండా మోశాడు. రెండో గంటకు “ఆ పక్కన కొయ్యండి, ఇటు గట్టిగా ఉంది,” అని సలహాలు చెప్పడం మొదలుపెట్టాడు. అందరికీ గుడ్డముసుగులు కట్టించింది విశాలాక్షి. నూకరత్నం మాత్రం అప్పుడప్పుడూ ముసుగు కిందికి లాగి, ఒక్క క్షణం చూసి, మళ్ళీ కట్టుకునేది.

“ఇంకా ఎడమకి. ఆఁ, అక్కడే.”

ఆమె చూపినచోటే దొరికింది. చిటికెనవేలు పట్టేంత రంధ్రం. వంటింటి ప్లగ్గుకు కరెంటు తీగ తెచ్చేటప్పుడు ఎవరో దగ్గర దారి చూసుకుని, దిమ్మ రెండు పొరల్లోంచీ తొలిచేశారు. తొలిచి, పైన సిమెంటు మెత్తి పోయారు. ఆ దారిన బురద తేమ లోపలికి దిగింది. చుట్టూ మూరెడు మేర తెల్లగా ఉండవలసిన అరలు నల్లబడి, జిగటగా ఉన్నాయి.

“నా జాబితాలో ప్లగ్గు పనిచేస్తోందా అని ఉంది,” అన్నాడు ప్రభుదాసు నీరసంగా. “తీగ ఎటునుంచి వచ్చిందీ అని లేదు.”

“ఉంటే బాగుండునని ఇప్పుడు తెలిసింది కదా,” అంది విశాలాక్షి. “రాయండి.”

చెడిన భాగమంతా కోసి తీసేశారు. నల్లని అంచు కనిపించకుండా పోయాక కూడా, “ఇంకో జానెడు,” అంది నూకరత్నం. యంత్రంతో చూస్తే ఆ జానెడులో కూడా చెడు ఉన్నట్టు తేలింది. కొత్త మిశ్రమం పోశారు. కాకినాడ నుంచి తెచ్చిన తోడు కలిపారు. తీగను గోడ మీదుగా తిప్పారు. దైవకుమారి కుడితి కాచి, చల్లార్చి, ఉప్పు తగలని గిన్నెతో కొలిచి తనే పోసింది.

అప్పగింత రోజు వచ్చింది, వెళ్ళిపోయింది. పందిరి వెయ్యలేదు. లంకలో కొందరు ఇల్లు పాడైపోయిందన్నారు. కొందరు కాలనీ ఎలా ఉందో చూసి వచ్చారు.

నూకరత్నం మాత్రం రోజూ ఉదయం చేపల గంప నెత్తిన పెట్టుకునే ముందు వంటింటికి వచ్చేది. మూలకు వంగి చూసి ఒక్క మాట చెప్పేది. ప్రభుదాసు ఆ మాటను రాసుకుని, సంచిలో గాలి పట్టి కాకినాడ పంపేవాడు. మొదటిరోజు “పచ్చి మట్టి” అంది. మూడోరోజు “ఏమీ లేదు” అంది. అయిదోరోజు “నానిన బియ్యం” అంది. యంత్రం గీసిన గీతలూ, ఆమె చెప్పిన మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే విశాలాక్షికి ఒళ్ళు పులకరించింది. గీతలో తేడా కనిపించేలోపే, ఒకరోజు ముందే, నూకరత్నం మాటలో కనిపిస్తోంది.

తొమ్మిదో రోజు పొద్దున నూకరత్నం మూలలోంచి లేచి నిలబడి, ముసుగు తీసి పక్కన పెట్టేసింది.

“తరవాణి వాసన,” అంది. “బాగా పులిసిన గంజినీళ్ళ తరవాణి. పొద్దున్నే తాగాలనిపించేలా. ఇల్లంతా ఒకటే వాసన ఇప్పుడు.”

ఆ సాయంత్రం యంత్రం మీద గీత మొదటినుంచి చివరిదాకా చదునుగా వచ్చింది. రాజ్యలక్ష్మి రిపోర్టు మొత్తం చదివి ఫోను చేసింది. “ఆవిడకి ఉద్యోగం ఇస్తానంటే చేస్తుందా? మిగతా ఇళ్ళకి కూడా ఒక ముక్కు కావాలి.”

*

అప్పగింతకు మళ్ళీ ముహూర్తం పెట్టేలోపే గోదావరి వచ్చింది. పైన వానలు పడ్డాయి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేశారు. మర్నాడు తెల్లవారేసరికి ఎర్రనీరు అరటితోటల్లోకి పాకింది. లంక జనమంతా పశువులతో, మూటలతో ఏటిగట్టు ఎక్కారు.

విశాలాక్షి, ప్రభుదాసు మోకాలిలోతు నీళ్ళలో ఇంటికి చేరారు. “ముందు నేనొక్కదాన్నే లోపల ఉంటాను,” అంది ఆమె, వెనకే పడవలో వచ్చిన ముగ్గురితో. “లేస్తే మీరంతా రండి.”

“అదెలా కుదురుద్దమ్మా?” నూకరత్నం అప్పటికే వసారా ఎక్కేసింది. చేతిలో పాల తపేలా, చీరకొంగులో పసుపు కుంకుమల బరిణె ఉన్నాయి. “లోపల ఏదన్నా చెడితే నీకెవరు సెప్తారు?”

గంగరాజు పడవను కొత్త రింగుకు కట్టి, దైవకుమారిని చెయ్యిపట్టి ఎక్కించాడు. అయిదుగురూ లోపలే ఉన్నారు.

నీరు దిమ్మ నడుం దాకా వచ్చింది. ఏమీ జరగలేదు. మెట్ల మీదకి వచ్చింది. ఏమీ జరగలేదు. ప్రభుదాసు నేల మీద నాలుగు మూలలా నాలుగు నీటి మట్టాలు పెట్టుకుని, ఒకదాని నుంచి ఇంకొకదానికి గెంతుతున్నాడు. గట్టు మీదనుంచి ఎవరో ఏదో అరిచారు. గాలికి వినిపించలేదు.

“మేలుకోవడానికి మూడు గంటలు పడుతుంది,” అంది విశాలాక్షి. అప్పటికి మూడున్నర గంటలైంది.

అప్పుడు అడుగునుంచి ఒక శబ్దం వచ్చింది. అన్నం కుండ మొదటిసారి కుతకుతలాడినట్టు. దైవకుమారి నేలకు చెవి ఆనించింది. “లోపలేదో ఉడుకుతోందత్తా!” కాళ్ళకింద నేల సన్నగా వణికింది. స్తంభాల ఇనప కడియాలు కిర్రుమన్నాయి. వసారా ముందు మెట్టు మీదకి వచ్చిన నీరు మెల్లగా వెనక్కి జారింది.

నీరు జారలేదు. ఇల్లు లేచింది.

“లేచింది!” ప్రభుదాసు గొంతు కీచుగా పలికింది. వెంటనే అతని ముఖం మారింది. “మేడమ్, ఆగ్నేయం రెండు వేళ్ళు కిందికి ఉంది.”

వంటింట్లో బిందె నెమ్మదిగా ఆ మూలకు దొర్లింది. కొత్తగా పోసిన భాగం. వయసు తక్కువ తోడు. విశాలాక్షి వెళ్ళి ఆ మూలలో మోకాళ్ళ మీద కూర్చుని నేల మీద చెయ్యి పెట్టింది. ఇల్లు ఒకవైపు ఒరిగితే కడియాలు బిగుసుకుంటాయి. బిగుసుకుంటే ఇల్లు అక్కడే ఆగి మునిగిపోతుంది. నూకరత్నం వచ్చి ఆమె పక్కనే కూర్చుంది. ముక్కు ఎగబీల్చింది. మళ్ళీ ఎగబీల్చింది.

“సెడలేదమ్మా,” అంది నెమ్మదిగా. “తరవాణే. సిన్నపిల్లగదా, ఆలీసెంగా లేస్తోంది. ఉండనీ.”

విశాలాక్షి ఆమె ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఏ అనుమానమూ లేదు. ఇద్దరూ చేతులు నేలకు ఆనించి అలాగే ఉండిపోయారు. అరచేతుల కింద సన్నని గలగల మొదలైంది. చిక్కబడింది. దొర్లిన బిందె మూలలోంచి బయల్దేరి, గది మధ్యకు వచ్చి, అక్కడ ఆగింది.

“సమం!” అని ప్రభుదాసు కేక పెట్టాడు. “నాలుగూ సమం!”

గంగరాజు వసారాలోకి పరిగెత్తి రెండు చేతులూ ఎత్తి ఊపాడు. ఈసారి గట్టు మీది అరుపులు గాలిని చీల్చుకుని వచ్చాయి. డప్పు మోగింది. ఎవరో పళ్ళెం తీసుకుని గరిటెతో కొట్టారు. ఇల్లు ఆకుపచ్చగా, నిటారుగా, ఎర్రనీటి మీద తేలుతూ నిలబడి ఉంది.

మధ్యాహ్నానికి రాజ్యలక్ష్మి ప్రభుత్వ పడవలో వచ్చింది. చీర కుచ్చెళ్ళు తడిసిపోయాయి. కాగితాలు ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉన్నాయి. వసారా దగ్గర పడవ ఊగుతుంటే నిలబడలేక కూర్చునే అంది, “ముహూర్తం చూసుకుందామనుకున్నాం. ఇంతకన్నా మంచిది దొరుకుతుందనుకోను. సంతకం పెడతారా?”

నూకరత్నం పేరంతా కూడబలుక్కుంటూ రాసింది. తాళంచెవి తీసుకుని కళ్ళకద్దుకుని కోడలి చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఆగ్నేయం మూలలో పొయ్యి వెలిగించింది. పాలు పొంగి గట్టు మీదుగా కారుతుంటే దైవకుమారి చప్పట్లు కొట్టింది. మొదటి గ్లాసు విశాలాక్షికి ఇచ్చారు.

“నేనిక వెళతానండి,” అంది ఆమె పాలు తాగాక. పదకొండేళ్ళలో మొదటిసారి తోడు తన చేతుల్లోంచి వెళ్ళిపోయింది. ఇప్పుడు దానికి మేత పెట్టేది ఇంకొకరు. ఆమెకది బాధలా లేదు.

“ఎక్కడికెల్తావు? పులస దొరికే నీళ్ళివి. గంగరాజు వలేశాడు. తినకుండా ఎల్తే ఊరుకుంటానా?” నూకరత్నం ఆమెను చెయ్యి పట్టి వసారాలో కూర్చోబెట్టింది.

అప్పటికి నాలుగైదు పడవలు ఇంటి చుట్టూ చేరాయి. ఆడవాళ్ళు దిమ్మను తడిమి చూస్తున్నారు. మగవాళ్ళు స్తంభాలు కొలుస్తున్నారు. ఒక పడవలోంచి ఒకామె గొంతెత్తి అడిగింది. “మేడంగారండీ! మా ఇల్లెప్పుడండీ?”

విశాలాక్షి రాజ్యలక్ష్మి వైపు చూసింది. రాజ్యలక్ష్మి తల ఊపింది.

“దసరా వెళ్ళగానే పునాది వేస్తాం,” అంది విశాలాక్షి. “వచ్చే వరదకి అందరివీ.”

“మరి అప్పగించేదెప్పుడు?”

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి విశాలాక్షి నోరు తెరిచేలోపే నూకరత్నం నడుంమీద చెయ్యి పెట్టుకుని వసారా అంచుకు వచ్చింది.

“నేను ముక్కెట్టి సూసి, బాగుందన్నాకే!”

నీళ్ళ మీద నవ్వులు ఒక పడవ నుంచి ఇంకో పడవకు పాకాయి. విశాలాక్షి కూడా నవ్వింది, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. కింద ఇల్లు మెల్లగా, హాయిగా ఊగుతోంది.